స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి: వర్డ్‌రిఫరెన్స్, డీఎల్ఈ చాలాకాలం వాడాక

హైదరాబాద్‌లో కూర్చుని స్పానిష్ కస్టమర్ల ఉత్తరాలు ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. ఆర్డర్లు, ఫిర్యాదులు, కొటేషన్లు, అప్పుడప్పుడు మెడికల్ రిపోర్టులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా బ్రౌజర్‌లో తెరిచి ఉండేవి రెండు నిఘంటువులు: ఒకటి స్పానిష్ మాటకి ఇంగ్లీషు అర్థం ఇచ్చే వర్డ్‌రిఫరెన్స్, రెండోది స్పెయిన్ రాయల్ అకాడమీ వాళ్ళ స్పానిష్-స్పానిష్ నిఘంటువు డీఎల్ఈ. రెండూ ఉచితమే. ఏది మంచిదని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. నామవాచకమైతే మొదటిది తెరవండి, క్రియావిశేషణమైతే ముందు రెండోది చూడండి. నేను చెప్పేది ఇంతే, ఎందుకో కింద రాస్తున్నా.

వర్డ్‌రిఫరెన్స్ 1999 నుంచి ఉంది. దాని బలమంతా పట్టికలోనే. ఒక్కో అర్థానికి ఒక్కో వరస ఇచ్చి, అది ఏ సందర్భంలో వాడతారో పక్కనే బ్రాకెట్లో చిన్న మాటతో చెబుతుంది. 'కొంప్రొమీసో' తీసుకోండి. చూడగానే కాంప్రమైజ్ అనిపిస్తుంది, చాలాసార్లు కాదు. కొటేషన్ కింద 'సిన్ కొంప్రొమీసో' అని ఉంటే కొనాలన్న బలవంతమేమీ లేదని, అంటే నో ఆబ్లిగేషన్. మీటింగ్‌కి రాలేనంటూ 'తెంగో ఉన్ కొంప్రొమీసో' అని రాస్తే వేరే పని ముందే ఒప్పుకున్నారని అర్థం. కంపెనీ బ్రోషర్‌లో కనిపిస్తే కమిట్‌మెంట్. రాజీ అనే అర్థం 'సొలూసియోన్ దె కొంప్రొమీసో' లాంటి పదబంధాల్లో వస్తుంది. అలాంటి పదబంధాలను పట్టిక కింద విడిగా ఇస్తారు, అక్కడిదాకా స్క్రోల్ చేయడం అలవాటు చేసుకోవాలి. 'దిస్‌గూస్తో' కూడా ఇంతే. అందులో అసహ్యం లేదు, మనసు కష్టపెట్టుకోవడమే ఉంది. దాన్ని డిస్గస్ట్ అని రాస్తే పాపం బాధపడి ఉత్తరం రాసిన మనిషిని మనమే కోపిష్టిని చేసినవాళ్ళమవుతాం.

అసలు తలనొప్పి క్రియావిశేషణాలతోనే. నామవాచకం తేడాగా ఉంటే చదివేవాడికి వెంటనే అనుమానం వస్తుంది. క్రియావిశేషణం తప్పితే వాక్యం చక్కగానే నడుస్తుంది, అర్థం మాత్రం తిరగబడుతుంది.

అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ నుంచి వచ్చిన ఒక ఉత్తరంలో 'రెసియెన్ ఎల్ హువేవెస్' సరుకు చేరిందని ఉంది. హువేవెస్ అంటే గురువారం. స్పెయిన్‌లో 'రెసియెన్' మామూలుగా 'కొత్తగా పెళ్ళైన', 'ఇప్పుడే పుట్టిన' లాంటి చోట్ల, విశేషణం ముందే వస్తుంది. అర్జెంటీనాలో అది ఒంటరిగా కూడా తిరుగుతుంది. రోజు పేరు ముందు వస్తే 'గురువారం గానీ రాలేదు' అని. ఇంగ్లీషులో నాట్ అంటిల్ థర్స్‌డే అనాలి. ఒక ఆటోమేటిక్ టూల్ దీన్ని 'రీసెంట్లీ ఆన్ థర్స్‌డే' అని ఇచ్చింది. అందులో ఫిర్యాదు మాయం! కస్టమర్ ఆలస్యమైందని మొత్తుకుంటుంటే మనం థాంక్స్ చెప్పి మెయిల్ పంపేవాళ్ళం.

'ఇగ్వాల్ వోయ్' ఇంకా ఘోరం. స్పెయిన్‌లో మామూలు మాటల్లో అంటే 'వెళ్తానేమో' అని. అర్జెంటీనా, చిలీల్లో 'అయినా సరే వెళ్తా' అని. రెండే మాటలు, ఒకచోట అనుమానం, ఇంకోచోట పంతం. డీఎల్ఈ ఇక్కడే అక్కరకొస్తుంది. అర్థం ముందు దేశాల పేర్లు పొట్టిగా వేస్తుంది, వ్యవహారికమైతే అదీ గుర్తు పెడుతుంది. ఈ పొట్టి గుర్తులు చదవకుండా దాటేసేవాళ్ళకి ఈ నిఘంటువు వల్ల సగం లాభమే. ఇందులో ఇంగ్లీషు ముక్క ఉండదు, వివరణ అంతా స్పానిష్‌లోనే, అదీ బిగుతైన వాక్యాల్లో. మధ్యస్థాయి స్పానిష్ కూడా రానివాళ్ళకి బరువే. 23వ కూర్పు 2014లో వచ్చింది, ఆన్‌లైన్‌లో దాదాపు ఏటా మార్పులు చేరుస్తున్నారు. 2023లో పర్యాయపదాలు కూడా చేర్చారు, నాకు అవి బాగా పనికొస్తున్నాయి.

మెక్సికో వాళ్ళ 'అఓరీతా' గురించి ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు తెగ ఆశ్చర్యపోతారు. ఈ క్షణం, కాసేపాగి, ఇందాక, అన్నిటికీ అదే. మనం 'ఇప్పుడే వచ్చాడు', 'ఇప్పుడే వస్తా' అన్నట్టే. క్రియ ఏ కాలంలో ఉందో చూస్తే సగం తేలిపోతుంది. మిగతా సగం మాత్రం ప్రాంతాన్ని బట్టే, ఎందుకంటే ప్యూర్టో రికోలో అది 'తర్వాత' వైపు మొగ్గుతుంది. నౌ అని కళ్ళు మూసుకుని రాస్తే డెలివరీ తేదీ గొడవలు ఖాయం.

రెండు నిఘంటువులూ చూశాక కూడా సందేహం మిగిలితే అదే అకాడమీ నడిపే కోర్పెస్ అనే రాతల, మాటల భండారంలో వెతుకుతా. 2001 తర్వాతి రచనలు, సంభాషణలు అందులో ఉన్నాయి, దేశం ఎంచుకుని చూడొచ్చు. మొదట్లో స్క్రీన్ చూస్తే టెన్షన్ వస్తుంది గానీ, మాటకి అటూ ఇటూ ఏ మాటలు వస్తున్నాయో పది ఉదాహరణలు చదివితే దారి దొరుకుతుంది.

వీటన్నిటికీ ముందు రాసినవాళ్ళది ఏ దేశమో తెలియాలి. ఫైలు మీద అది ఉండదు. నేను సంతకం కింద ఫోన్ నంబర్ ముందున్న దేశం కోడ్ చూస్తా: 54 అయితే అర్జెంటీనా, 52 మెక్సికో, 34 స్పెయిన్. నంబర్ కూడా లేకపోతే ఆ వాక్యానికి పసుపు రంగు వేసి ప్రాజెక్ట్ మేనేజర్‌ని అడుగుతా.