జురాసిక్ పార్క్, ద మార్షియన్, డార్క్ మ్యాటర్: సెలవు రోజున ఏది మేలు?

వారం పొడవునా ఆఫీసు టెన్షన్, ఇంటి పనులు, ఫోన్‌లో ఆగని మెసేజీలు. ఇన్నిటి మధ్య ఒక సెలవు దొరికితే, ఏదో నేర్పే పుస్తకం కన్నా మనల్ని ఇక్కడి నుంచి ఎత్తుకుపోయే పుస్తకమే పట్టుకోవాలనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. అలిసిన మనసుకు కాసేపు మరో లోకంలో ఉండి రావడం నిజమైన అవసరమని నేను నమ్ముతాను. వేగంగా పరుగెత్తే సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్లు ఈ పని బాగా చేస్తాయి. కానీ అన్నీ ఒకేలా సేద తీర్చవు. కొన్నిటిని మూసేశాక మనసు తేలికపడుతుంది, కొన్నిటిని మూసేశాక ఇంకా బరువెక్కుతుంది.

అందుకే ఈ రకంలో బాగా పేరున్న మూడు ఇంగ్లీషు నవలల్ని పక్కపక్కన పెడుతున్నాను. మైకేల్ క్రైటన్ 'జురాసిక్ పార్క్' 1990లో వచ్చింది. ఆండీ వియర్ 'ద మార్షియన్' 2011లో రచయిత సొంతంగా విడుదల చేసుకున్న పుస్తకం, 2014లో పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా మళ్ళీ వచ్చింది. బ్లేక్ క్రౌచ్ 'డార్క్ మ్యాటర్' 2016 నాటిది. ముగింపులు బయటపెట్టను గానీ, మధ్యలో జరిగేవి కొన్ని చెప్పక తప్పదు.

వేగం ఒక్కటే చూస్తే డార్క్ మ్యాటర్‌దే మొదటి స్థానం. జేసన్ డెసెన్ చికాగోలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునే మామూలు లెక్చరర్. భార్య, టీనేజ్ కొడుకు, ఒక ఇల్లు. ఒక రాత్రి స్నేహితుణ్ణి కలిసి నడిచి వస్తుంటే ముసుగు మనిషి తుపాకీ చూపించి ఎత్తుకుపోతాడు, మత్తు ఇంజెక్షన్ ఇస్తాడు. మెలకువ వచ్చేసరికి ఎప్పుడూ చూడని మనుషులు చుట్టూ చేరి "తిరిగొచ్చావా" అంటూ చప్పట్లు కొడుతుంటారు. ఆ లోకంలో అతనికి పెళ్ళి కాలేదు, కొడుకు పుట్టలేదు, కానీ గొప్ప శాస్త్రవేత్త. క్రౌచ్ వాక్యాలు పొట్టివి. చాలాచోట్ల ఒక్క వాక్యమే ఒక పేరా. పేజీలు చకచకా తిరిగిపోతాయి, రాత్రి మొదలుపెడితే నిద్ర సంగతి మర్చిపోవాల్సిందే. లెక్కలేనన్ని తలుపులున్న ఒక చీకటి నడవా, ఒక్కో తలుపు వెనక ఒక్కో చికాగో, ఆ నడవాలోకి వెళ్ళాలంటే వేసుకోవాల్సిన మందు సీసాలు మాత్రం కొన్నే. ఈ కొరత కథను పరుగెత్తిస్తుంది. సీసాలు తగ్గుతున్నకొద్దీ మన గుండె వేగం పెరుగుతుంది.

అయినా సెలవు రోజుకు దీన్ని మొదట సిఫారసు చేయను. ఈ కథ నడిచేదే "అప్పుడు ఆ దారిలో వెళ్ళి ఉంటే నా బతుకు ఎలా ఉండేది" అన్న ప్రశ్న మీద. ఆ ఉద్యోగం వదలకుండా ఉంటే, ఆ పెళ్ళి చేసుకోకుండా ఉంటే, ఆ ఊరు విడిచి వెళ్ళకుండా ఉంటే అన్న ఆలోచన నలభై దాటిన ఎవరికైనా ఉంటుంది. దేన్ని మర్చిపోదామని పుస్తకం తెరిచామో, సరిగ్గా దాన్నే తెచ్చి ముందు పెడుతుందిది. నవలగా అది దాని గొప్పతనమే. విశ్రాంతి కోసం చూస్తున్నప్పుడు మాత్రం అదే అడ్డు. పైగా తలుపుల వెనక కనిపించే లోకాల్లో చాలావాటిని మనం ఒక చూపు చూసి వదిలేస్తాం. ఏ ఒక్కదానిలోనూ కుదురుగా ఉండనివ్వరు రచయిత.

జురాసిక్ పార్క్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గుగ్గిలపు ముద్దలో చిక్కుకున్న దోమ కడుపులోని రక్తం నుంచి డీఎన్‌ఏ తీసి, డైనోసార్లను మళ్ళీ పుట్టించి, ఒక దీవి మీద వాటితో పార్కు కట్టిన కథ ఇది. సినిమా చూసినవాళ్ళు పుస్తకం కూడా మొదటి నుంచి పరుగే అనుకుంటారు. నిజానికి డైనోసార్‌ను కళ్ళారా చూడ్డానికి చాలా పేజీలు ఆగాలి. ముందు కోస్టారికా తీరంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి, జోరువానలో హెలికాప్టర్ మీద ఒక పనివాణ్ణి తెస్తారు. నిర్మాణ పనుల్లో యంత్రం కింద పడ్డాడని చెప్తారు. గాయాలు చూసిన డాక్టరమ్మకు అది యంత్రం పని కాదని తెలిసిపోతుంది. తర్వాత ఒక బీచ్‌లో చిన్నపిల్లను బల్లిలాంటి జీవి కరుస్తుంది. ఆ పిల్ల గీసిన బొమ్మలో జీవికి మూడు వేళ్ళుంటాయి. పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఆ ఆధారాన్ని చేతిలోకి తీసుకుని, కొంచెం అర్థం చేసుకుని, పక్కన పెట్టేస్తుంటారు. మనకు మాత్రం అంతా తెలుసు. "అయ్యో, చూడండి" అని అరవాలనిపిస్తుంది. ఈ మొదటి భాగంలో తుపాకులు లేవు, వెంటాడటం లేదు, అయినా పుస్తకం కింద పెట్టలేం.

ఈ పుస్తకంలో నన్ను అన్నిటికన్నా పట్టి ఉంచేది దీవి నడిచే పద్ధతి. క్రైటన్ హార్వర్డ్‌లో వైద్యం చదివినవారు. యంత్రాలు, వ్యవస్థలు ఎక్కడ విఫలమవుతాయో ఆయనకు బాగా తెలుసు. పార్కులో జంతువుల్ని కంప్యూటర్ లెక్కపెడుతుంది. ఎన్ని ఉండాలో చెబితే అన్నీ దొరికే దాకా వెతికి, లెక్క సరిపోగానే ఆపేస్తుంది. ఏవైనా తగ్గితే తెలియాలన్నదే దాన్ని తయారు చేసినవాళ్ళ ఆలోచన. ఎక్కువ కావచ్చన్న ఊహే వాళ్ళకు రాలేదు. ఒకాయన ఆ అంకె పెంచి మళ్ళీ వెతకమంటాడు. తెర మీద లెక్క పెరుగుతూ పోయే ఆ రెండు పేజీలు, ఎంత పెద్ద పోరాట దృశ్యానికైనా సమానం.

ఇంకోచోట, ఆగిపోయిన వ్యవస్థను మళ్ళీ ఆన్ చేస్తారు. తెరలు వెలుగుతాయి, ఫోన్లు పలుకుతాయి, అందరూ హమ్మయ్య అనుకుంటారు. నడుస్తున్నది అదనపు పవర్ మీదనీ, అసలు కరెంటు రాలేదనీ, కంచెలు అంతసేపూ చచ్చుబడి ఉన్నాయనీ గంటల తర్వాత గానీ గ్రహించరు. ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతుంటే కరెంటు ఉందనుకుని మోటారు స్విచ్ వేసి నీళ్ళ కోసం ఎదురుచూసే ఇల్లు మనందరికీ తెలుసు. అదే పొరపాటు పెద్ద మాంసాహార జంతువుల మధ్య జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. భయం అంత దగ్గరగా ఉంటుంది. చోటు మాత్రం మన బతుకులకు ఎంతో దూరం. మంచి పలాయనానికి ఈ రెండూ కలవాలని నా అభిప్రాయం.

"సినిమా చూసేశాం కదా, మళ్ళీ పుస్తకమెందుకు" అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. 1993 నాటి ఆ సినిమాలో లేనిది పుస్తకంలో చాలా ఉంది. డైనోసార్ల శాస్త్రవేత్త డాక్టర్ గ్రాంట్ ఇద్దరు పిల్లలతో రబ్బరు పడవలో నది మీద వెళ్తుంటే టైరనోసారస్ నీళ్ళలోకి దిగి వెంటపడుతుంది. ఎగిరే సరీసృపాలున్న పెద్ద పంజరంలోంచి వాళ్ళు తప్పించుకుంటారు. పార్కు యజమాని హామండ్ సినిమాలో దయగల తాతయ్య, పుస్తకంలో లాభం తప్ప మరొకటి పట్టని మొండివాడు. అతనితో గణితవేత్త మాల్కమ్ చేసే వాదనలు కొన్నిచోట్ల పొడుగైన మాట నిజమే. యాక్షనే కావాలనుకునేవాళ్ళు అక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

ఇక ద మార్షియన్. తుఫానులో చనిపోయాడనుకుని తోటివాళ్ళు అంగారకుడి మీద వదిలి వెళ్ళిన మార్క్ వాట్నీ, వృక్షశాస్త్రం చదివిన మెకానికల్ ఇంజినీరు. తిండి చాలదు, మాట్లాడ్డానికి రేడియో లేదు. బంగాళాదుంపలు పండించాలి, వాటికి నీళ్ళు కావాలి. రాకెట్ ఇంధనం హైడ్రజీన్ నుంచి హైడ్రోజన్ తీసి, దాన్ని మండించి నీళ్ళు తయారు చేస్తాడు. తను వదిలే ఊపిరిలో మిగిలిపోయే ఆక్సిజన్‌ను లెక్కలో వేసుకోకపోవడం వల్ల ఒకసారి పేలుడు జరుగుతుంది. ఆ తర్వాత 1997లో అక్కడ దిగిన నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్‌ను వెతికి పట్టుకుని, దాని కెమెరాను భూమి నుంచి అటూ ఇటూ తిప్పిస్తూ మాటలు నడిపే భాగం నాకు ఎంతో ఇష్టం. వియర్ దీన్ని మొదట ఇంటర్నెట్‌లో విడతలవారీగా పెట్టారు. వారపత్రికల్లో సీరియల్స్ కోసం ఎదురుచూసిన తరానికి ఆ కట్టు వెంటనే తెలిసిపోతుంది. ఒక చిక్కు విడిపోగానే ఇంకోటి తయారు.

ఈ పుస్తకంలో చెడ్డవాళ్ళు లేరు. ప్రకృతి ఉంది, లెక్క ఉంది, ఆశ వదలని మనిషి ఉన్నాడు. ప్రతి కష్టానికీ ఏదో ఒక మార్గం దొరుకుతుందన్న ధైర్యం మెల్లగా మనకూ అంటుకుంటుంది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనప్పుడు, ఉద్యోగం ఊగిసలాడుతున్నప్పుడు ఈ పుస్తకమే చదవమంటాను. లోటు ఒక్కటే. లెక్కలు, రసాయనాలు అంటే విసుగు పుట్టేవాళ్ళకు కొన్ని పేజీలు బరువుగా ఉంటాయి.

సైన్స్ ఎంతవరకు నిజం అని పట్టుబట్టేవాళ్ళకు ఒక మాట. అంగారకుడి గాలి పీడనం మన భూమి మీది దాంట్లో ఒక శాతం లోపే. కథలో లాగా రాకెట్‌ను పడగొట్టేంత తుఫాను అక్కడ రాదు, ఆ సంగతి వియర్ స్వయంగా ఒప్పుకున్నారు. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్ళయింది. 2012లో, అంతరించిపోయిన మోవా పక్షుల ఎముకల మీద జరిగిన పరిశోధన ప్రకారం డీఎన్‌ఏ సగం శిథిలం కావడానికి 521 ఏళ్ళు చాలు. అంటే పుష్యరాగంలా మెరిసే ఆ గుగ్గిలపు ముద్దలోని దోమ కడుపులో అంతకాలం ఏదీ మిగలదు. పుస్తకంలో మనుషుల్ని వేటాడే డైనోసార్ వెలాసిరాప్టర్ నిజానికి టర్కీ కోడంత జీవి, ఈకలు కూడా ఉండేవి. ఇవేవీ నా ఆనందాన్ని తగ్గించలేదు. కథ తాను పెట్టుకున్న నియమాలకు తాను కట్టుబడి ఉంటే నాకు చాలు. ఈ రెండు పుస్తకాలూ కట్టుబడి ఉంటాయి. డార్క్ మ్యాటర్ అక్కడక్కడ అవసరానికి తగ్గట్టు నియమాన్ని సాగదీస్తుంది.

తెలుగు మీడియంలో చదువుకుని ఇంగ్లీషు నవలలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్ళకు క్రౌచ్ భాష అన్నిటికన్నా తేలిక. క్రైటన్ సూటిగా రాస్తారు, కొన్ని జంతువుల పేర్లు తప్ప ఇబ్బంది ఉండదు. వియర్ దగ్గర సాంకేతిక పదాలు ఎక్కువే గానీ, డైరీలా ఉండటం వల్ల వాక్యం మాట్లాడినట్టే సాగుతుంది.

నా ఓటు జురాసిక్ పార్క్‌కే. వేగం తక్కువైనా, వెళ్ళడానికి ఒక చోటు ఉందక్కడ. పొగమంచు కప్పిన దీవి, కంచెలు, నది, ఎగిరే సరీసృపాల పంజరం అన్నీ మ్యాప్ గీయగలిగినంత స్పష్టంగా ఉంటాయి. రెండోసారి చదివినా, ఏం జరుగుతుందో తెలిసినా, మళ్ళీ అక్కడికి వెళ్ళాలనే ఉంటుంది. మనసు బాగా కుంగి ఉంటే మాత్రం మార్షియన్‌తో మొదలుపెట్టి, కాస్త కుదుటపడ్డాక దీవికి వెళ్ళండి. ఒక్క రాత్రి రైలు ప్రయాణం గడవాలి, దిగేలోపు పుస్తకం అయిపోవాలి అనుకుంటే డార్క్ మ్యాటర్ సరిగ్గా సరిపోతుంది.