బిలం, లోయ, గీత: మూడు రోజుల రాళ్ల యాత్ర

మా వాడు ఏడో తరగతి. అవక్షేప శిలల (మట్టి, ఇసుక, సున్నం లాంటివి పొరలుగా పేరుకుని గట్టిపడిన రాళ్ల) పాఠం బట్టీ పట్టి, "ఇవి ఎక్కడుంటాయి నాన్నా?" అన్నాడు. వంటగట్టు మీది నల్ల కడప బండ చూపించాను. నమ్మలేదు. సరే, అది పుట్టిన చోటికే పోదామని బయల్దేరాం.

మొదట బెలుం గుహలు, నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో. చుట్టూ చదును నేల. మధ్యలో బావిలాంటి గుంత, అందులోకి మెట్లు. కింద 3,229 మీటర్ల గుహ ఉందని పైనుంచి ఎవరూ అనుకోరు. మనల్ని పోనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీన్ని లోకానికి చెబితే, 1980ల్లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. జనానికి తలుపులు తెరిచింది 2002లో.

మాతో వచ్చిన గైడ్ మర్యాదస్తుడే. కాకపోతే ప్రతి రాయినీ ఒక బొమ్మగా చూపించి ముందుకు కదిలేవాడు: ఇది మర్రి ఊడ, ఇది పాము పడగ, ఇవి కోటిలింగాలు. "ఇదెలా వచ్చింది అంకుల్?" అని మావాడు అడిగితే "స్వయంభువు బాబూ" అన్నాడు. ఇక నేనే అందుకున్నాను. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువు కలుపుకొని కాస్త పుల్లబడుతుంది. సున్నపురాయి పగుళ్లలోకి దిగి రాయిని కరిగించుకుంటూ పోతుంది. గుహ అలా తొలుచుకుంటుంది. అదే నీరు కప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు ఆ వాయువు గాలిలోకి పోయి, కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. ఊడలు దిగేది అలాగే. సప్తస్వరాల గుహలో అందరూ ఆ ఊడల్ని కొట్టి మోగిస్తారు. నాకది నచ్చలేదు. చేతి జిడ్డు అంటితే అక్కడ సున్నం సరిగ్గా పేరుకోదు.

పాతాళగంగ దాకా దిగేసరికి చొక్కాలు తడిసి ముద్దయ్యాయి. లోపలికి గాలి పంపే ఏర్పాటు ఉన్నా ఉక్క ఉక్కే. మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్నవాళ్లు సగంలోనే ఆగడం మంచిది. చిన్న టార్చి పెట్టుకెళ్లండి. రంగు లైట్ల కింద రాయి అసలు రంగు తెలియదు.

బయటికొచ్చి కొలిమిగుండ్ల దారిలో నాపరాళ్ల పాలిష్ మిల్లు దగ్గర బండి ఆపాం. కోసి పేర్చిన పలకల్ని చూసి మావాడు "మన గట్టు!" అని అరిచాడు. ఈ యాత్ర ఖర్చు నాకు అక్కడే గిట్టింది.

ఆ రాత్రి దగ్గరి ఊళ్లో ఒక లాడ్జి. ఫోన్‌లో ఏసీ గది అన్నారు, తీరా వెళ్తే ఏసీ ఉంది గానీ రిమోట్ లేదు. అందుకే చెబుతున్నా, పడక గండికోటలో వేసుకోండి. కోట దగ్గరే పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. తెల్లారుజామున లోయ అంచుకు నడిచిపోవచ్చు.

గండికోటలో పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుని పారుతుంది. ఇక్కడిది సున్నపురాయి కాదు, క్వార్ట్‌జైట్: ఒకప్పటి ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ గట్టిపడినది. నీటికి కరగదు. పొరల వెంట అడ్డంగా, పగుళ్ల వెంట నిలువుగా విరుగుతుంది కాబట్టే లోయ గోడలు ఎవరో ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తాయి. అంచున కటకటాలు లేని చోట్లు చాలా ఉన్నాయి. సెల్ఫీల కోసం పిల్లల్ని వదలొద్దు. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం ఒక పూటలో అయిపోతాయి.

బయల్దేరే ముందు భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వాళ్ల 'భూకోశ్' పోర్టల్‌లో ఈ దారి మ్యాపు చూసుకున్నాం. కాళ్ల కింద ఏ రాయి ఉందో రంగుల్లో కనిపిస్తుంది. నా మటుకు ఇది ఏ గైడ్‌కన్నా పనికొచ్చింది. సిగ్నల్ మీద ఆశ పెట్టుకోక స్క్రీన్‌షాట్లు తీసుకోండి.

మూడో రోజు తిరుమల. శిలాతోరణం అందరూ చూసేదే. నేను ఎదురుచూసింది ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో కనిపించే ఒక గీత కోసం. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్. రెంటి వయసుకూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా అంటారు. ఆ కాలపు రాళ్లు అక్కడ లేవు. పుస్తకంలో పేజీలు చింపేసినట్టన్నమాట. దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు, కానీ మలుపుల దారిలో బండి ఆపి చూసే వీల్లేదు. ఇంత గొప్ప చోటు బస్సు కిటికీలో ఐదారు సెకన్లు. చూపిద్దామని తిరిగేసరికి మావాడు నా భుజం మీద నిద్రపోతున్నాడు.