మనీ కోచ్‌కి ఫీజు కట్టడం దండగేనా? మూడేళ్లు దాటాక నా మాట

మా టైలరింగ్ షాపుకొచ్చే ఆడవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు, డబ్బు ఎలా చూసుకోవాలో చెప్పించుకోవడానికి కూడా ఒక మనిషికి ఫీజు కట్టాలా అని. నేను మూడేళ్ల పైనుంచి కడుతున్నాను, మానలేదు, అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. మా కోచ్ మేడం పేరు రాయను, ఆవిడ రాయమని అడగనూ లేదు. గుంటూరులో ఉంటారు, బ్యాంకులో చాలాకాలం పనిచేసి ముందుగానే రిటైర్‌మెంట్ తీసుకున్నారు, ఆడవాళ్లకే చెప్తారు. మొదటిసారి మనతో విడిగా కూర్చుంటే 1,500, ఆ తర్వాత గ్రూపులో చేరితే మనిషికి నెలకి 300.

మా ఇంటి సంగతి కొంచెం చెప్తేగానీ ఇది అర్థం కాదు. మా అమ్మమ్మ పొలం కూలికి వెళ్లేది, అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది, నేను మంగళగిరిలో బ్లౌజులు కుడతాను. ముగ్గురిలో ఒక్కరం కూడా ఒళ్లు దాచుకున్నవాళ్లం కాదు. అయినా ఎవరి పేరు మీదా గజం స్థలం లేదు, ప్రాంసరీ నోట్లు మాత్రం ముగ్గురి పేరు మీదా ఉన్నాయి. పేదరికం తరతరాలుగా వస్తుంది అంటారు కదా, అది ఏ దారిన వస్తుందో మేడం మొదటి రోజే నాకు కాగితం మీద లెక్క వేసి చూపించారు, నేను ఇంతకాలం ఫీజు కట్టడానికి అసలు కారణం ఆ కాగితమే.

ఆవిడ నా సంపాదన ఎంతని అడగలేదు. ఎవరెవరికి ఎంత ఇవ్వాలి, ఎంత వడ్డీకి, నోటు ఎప్పుడు రాశారు అని మాత్రమే అడిగారు. అమ్మ 20,000 తెచ్చింది, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి 600. మూడేళ్లకి వడ్డీయే 21,600. నోటుకి చట్టప్రకారం మూడేళ్లే గడువు కాబట్టి ఆ గడువు దాటకముందే ఇచ్చినాయన వచ్చి పాత నోటు చింపేసి 41,600కి కొత్త నోటు రాయించుకుంటాడు, అంటే మొన్నటిదాకా వడ్డీ అనుకున్నది కూడా ఇవాల్టినుంచి అసలే, దానిమీద మళ్లీ మూడు రూపాయలు. ఇంకో మూడేళ్లు ఏమీ కట్టకపోతే 86,528. తెచ్చింది 20,000! మధ్యలో అమ్మ కట్టినవి కొన్ని ఉన్నాయి, వాటికి చీటీ ముక్క కూడా లేదు. నోటు తిరగరాయడం అనేది మా వీధిలో ఎంత మామూలు విషయమంటే, అదేదో పెద్దమనిషి గడువు పెంచి సాయం చేసినట్టే అందరూ అనుకుంటారు. ఇక అప్పిచ్చినవాళ్లకి ఏదైనా కడితే నోటు వెనకాల తారీకు వేసి చెల్లు రాయించుకోవాలని ఆ రోజే చెప్పారు.

ఇంకోటి, మా గ్రూపులో దాదాపు అందరూ బ్యాంకు 12 శాతం అంటే బయట రెండు రూపాయల వడ్డీ కన్నా ఎక్కువ అనుకునేవాళ్లు. పన్నెండు పెద్దది, రెండు చిన్నది కదా! రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమనీ, 12 శాతమంటే రూపాయి వడ్డీయేననీ తెలిసేసరికి ఒకావిడ ఫోన్‌లోనే ఏడ్చింది, ఎందుకంటే వాళ్ల అమ్మాయి పెళ్లికి బ్యాంకు బంగారం లోను వద్దనుకుని బయట తెచ్చారు. బడిలో బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు మాకూ చెప్పారు, కానీ వాటిని మన వీధి అప్పుకి తగిలించి చూపించినవాళ్లు లేరు. ఈ ఒక్క విషయం తెలుసుకోవడానికి 1,500 ఇచ్చినా తప్పులేదని నా అభిప్రాయం.

తర్వాత చేసింది చెప్పుకోవడానికి చాలా సాదా పని. అప్పులన్నీ వడ్డీ ఎక్కువున్నది పైన, తక్కువున్నది కింద వచ్చేలా రాసి పైనుంచి తీర్చుకుంటూ వచ్చాం. డ్వాక్రా గ్రూపు లోను వచ్చినప్పుడు మా ఇంట్లో అది టీవీకో, మరిది బండికో, ఎవరి ఫంక్షన్‌కో వెళ్లిపోయేది. ఎక్కువ వడ్డీ అప్పు తీర్చుకోవడానికి గ్రూపు లోను వాడుకోవచ్చని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లోనే ఉందట, మాకు తెలీదు. ఆ డబ్బు తెచ్చి మూడు రూపాయల నోటు ఒకటి తీర్చేశాం. ఇంకోదానికి నా గొలుసు బ్యాంకులో పెట్టాం. దానికి అత్తయ్య చాలా బాధపడ్డారు, మెడ బోసిగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారని. రెండు పూటలు గొడవ జరిగింది ఇంట్లో. మేడం ఫోన్ చేసి అత్తయ్యతో మాట్లాడారు, ఒప్పించాలని ఏమీ చూడలేదు, "అమ్మా, మీ కోడలు ఆ గొలుసు అమ్మట్లేదు, నెలనెలా పోయే వడ్డీని ఆపుతోంది, విడిపించే తారీకు నేను రాసిస్తాను" అన్నారంతే. నిజంగానే రాసి పంపారు. ఆ తారీకుకి కొంచెం అటూ ఇటూగా విడిపించాం.

వారం వారం కిస్తీ కట్టే మైక్రోఫైనాన్స్ గ్రూపు అప్పుల గురించి ఆవిడ చాలా కచ్చితంగా ఉంటారు. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల ప్రకారం ఒక ఇంటికి ఉన్న అన్ని అప్పుల కిస్తీలూ కలిపినా నెల ఆదాయంలో సగం దాటేలా మైక్రోఫైనాన్స్ లోను ఇవ్వకూడదు. సగం అనేది వాళ్లకి హద్దు, మన ఇంటికి మూడో వంతు కూడా ఎక్కువే అంటారు మేడం. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ అప్పుల ఒత్తిడికి ఎన్ని ఇళ్లలో ప్రాణాలు తీసుకున్నారో, ఆ వసూళ్లని అదుపు చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో మా వయసు వాళ్లందరికీ గుర్తే. 2015లో విజయవాడలో ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చి ఆడవాళ్లని వేధించిన కాల్ మనీ గొడవ మాకు ఇంకా దగ్గర.

పొదుపు దగ్గర మొదట కుదరలేదు. నెలకి ఇంత అని పోస్టాఫీసులో ఆర్‌డీ కట్టమన్నారు, కానీ టైలరింగ్‌లో నెల ఆదాయం అనేది ఉండదు కదా. శ్రావణంలో రాత్రి ఒంటిగంట దాకా కుడతాం, పెళ్లి ముహూర్తాలప్పుడూ సంక్రాంతికీ అంతే, ఆషాఢంలోనూ మూఢం వచ్చినప్పుడూ మిషన్ మీద గుడ్డ కప్పి కూర్చుంటాం. ఇది చెప్తే ఆవిడ విన్నారు, అది నాకు నచ్చింది. ఇప్పుడు షాపు డబ్బు ఒక ఖాతాలో, ఇంటిది వేరే ఖాతాలో. షాపు నుంచి నాకు నేనే నెలకి ఒకే జీతం ఇచ్చుకుంటాను, శ్రావణంలో మిగిలింది ఆషాఢంలో జీతం అవుతుంది. ఇది పట్టుబడటానికి ఏడాది పట్టింది. కానీ ఆషాఢంలో చేబదులు అడగకుండా గడిచిన మొదటి ఏడాది మా ఆయన (ఆటో నడుపుతారు, ఈ క్లాసుల మీద అంత నమ్మకం లేదు ఆయనకి) తనంతట తాను వచ్చి డీజిల్ ఖర్చు విడిగా రాయడం ఎలాగో చూపించమన్నారు.

చిన్న చిన్నవి కొన్ని. బ్యాంకు ఖాతా నుంచి కట్టే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకి ఏడాదికి 436, సురక్షా బీమాకి 20, రెండూ కలిపి 456 మే నెలాఖరుకి ఖాతాలో ఉండేలా చూసుకోమని ప్రతి మేలో గుర్తుచేస్తారు. ఒక్కోదానికి రెండు లక్షలు, మొదటిది ఏ కారణంతో పోయినా వర్తిస్తుంది, రెండోది ప్రమాదాలకి. మొదటిదాంట్లో యాభై ఏళ్లలోపు వాళ్లే చేరాలి, అందుకే అమ్మని చేర్చలేకపోయాం. చిన్నపాపకి ఆడపిల్లల పొదుపు ఖాతా సుకన్య సమృద్ధి తీశాం, పదేళ్లు దాటితే తీయనివ్వరు, పెద్దదానికి ఆ వయసు అప్పటికే దాటిపోయింది. ఏడాదికి 250 కట్టినా ఖాతా బతికే ఉంటుంది, 2024 జనవరి నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. అన్ని ఖాతాలకీ నామినీ రాయించారు. మా నాన్న పోయాక ఆయన పేరుమీదున్న నోట్లు పట్టుకుని ఇద్దరు వచ్చినప్పుడు, తండ్రి నుంచి మనకి వచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే మన బాధ్యత, ఏమీ రాకపోతే కొత్త నోటు మీద మాత్రం సంతకం పెట్టొద్దు అని మేడం చెప్పి, నేను లాయర్‌ని కాను అని వెంటనే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పంపించారు. ఆడవాళ్లకి అక్కడ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. తమ్ముడు చేత సంతకం పెట్టించుకుపోదామని వచ్చినవాళ్లు ఆ తర్వాత రాలేదు. మా ఇంట్లో అప్పు ఒక తరం దగ్గర ఆగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఆవిడ ఏదీ అమ్మరు, ఇది చాలా ముఖ్యం. పాలసీ లేదు, కమీషన్ లేదు, ఫలానా మ్యూచువల్ ఫండ్ కొనండి అని పేరు చెప్పమన్నా చెప్పరు, ఫీజు తీసుకుని అలా చెప్పాలంటే షేర్లు, ఫండ్ల మార్కెట్‌ని అదుపుచేసే సెబీ దగ్గర రిజిస్టరై ఉండాలి, నాకు లేదు అంటారు. మా వదిన వేరే ఊళ్లో ఒక కోచ్ దగ్గర చేరింది, 99 రూపాయల ఆన్‌లైన్ క్లాసుతో మొదలుపెట్టి వేలల్లో కోర్సు కట్టించుకుని చివరికి ఒక పాలసీ అంటగట్టారు. కోచ్ అనే ప్రతివాళ్లనీ మొదట అడగాల్సింది, మీకు నా ఫీజు కాకుండా ఇంకెవరి దగ్గర్నుంచైనా డబ్బు వస్తుందా అని.

బాగోలేనివీ ఉన్నాయి. గ్రూపు కాల్ రాత్రి ఏడున్నరకి పెడతారు, అన్నం వండే టైము, పిల్లల హోంవర్కు టైము. మార్చమని ఎన్నిసార్లు అడిగినా మార్చలేదు. తెరమీద చూపించేవి ఇంగ్లీషులో ఉంటాయి, చదువు రానివాళ్లు మా గ్రూపులో ఇద్దరున్నారు, వాళ్లకి నేనే మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి. కౌలు వ్యవసాయం ఇళ్ల లెక్క ఆవిడకి అంతగా పట్టదు, దుగ్గిరాల వైపు నుంచి పసుపు వేసే ఒకావిడ వచ్చేది, పంట అమ్మినప్పుడే డబ్బు చూసే ఇంటికి నెలవారీ లెక్కల పుస్తకం ఏం పనికొస్తుంది, పాపం మానేసింది. చీటీలంటే ఆవిడకి అసలు గిట్టదు. నేను ఒప్పుకోను. ఎవరో ఇంట్లో నడిపే చీటీ వద్దంటే సరే, కానీ 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీ పాడి నేను మగ్గం వర్కు ఫ్రేములూ ఇంకో మిషనూ కొన్నాను, ఆ సమయానికి ఏ బ్యాంకూ నాకు అంత తొందరగా ఇచ్చేది కాదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. రోజుకి వచ్చే కూలి బియ్యానికీ మందులకీ చాలనివాళ్లకి ఏ కోచ్ ఏం చేయగలరు? మా అమ్మతో పాటు తొడిమలు తీసే పనికి వెళ్లేవాళ్లని ఇద్దర్ని తీసుకెళ్లాను. వాళ్ల దగ్గర మేడం ఫీజు తీసుకోకుండా ఆరోగ్యశ్రీ కార్డు, పింఛను కాగితాలు సరిచేయించి, మీకు కావాల్సింది కూలి పెరగడం, అది నా చేతిలో లేదు అని చెప్పి పంపేశారు. అలా చెప్పినందుకు ఆవిడ మీద నా గౌరవం పెరిగింది గానీ, వాళ్ల కూలి మాత్రం అక్కడే ఉంది. ఇలాంటి క్లాసులతోనే పేదరికం పోతుందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు మాకున్నవి డ్వాక్రా లోను ఒకటీ, సగం తీరిన బయటి నోటు ఒకటీ, అంతే. నెలకి 300 కట్టడం ఇంకో ఏడాది కొనసాగిస్తాను, స్థలం కొనాలంటే నా పేరు కూడా దస్తావేజులో ఉండేలా ఏ కాగితాలు చూసుకోవాలో తెలుసుకోవాలి. మీరు ఏ కోచ్ దగ్గరికి వెళ్లినా మొదటిరోజు పాస్‌పుస్తకాలు, బంగారం లోను రసీదులు, పాలసీ బాండ్లు, డ్వాక్రా పుస్తకం, నోట్లకి జిరాక్సులు ఉంటే అవీ పట్టుకెళ్లండి. నోటు జిరాక్సు ఇవ్వనంటే తారీకు, మొత్తం, సాక్షుల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, మొదటి గంట అంతా వాటితోనే పని.