మెట్రో, ఎంఎంటీఎస్, సిటీ బస్సు: డబ్బు ముందు దేనికి పెట్టాలి?

హైదరాబాద్ ట్రాఫిక్ మాట రాగానే "మెట్రో పొడిగిస్తే సరి" అనేస్తాం. మియాపూర్‌లోనో ఎల్‌బీ నగర్‌లోనో ఉండేవాళ్లు ఆ మాట అన్నారంటే అర్థముంది. అద్దె తక్కువని ఘట్‌కేసర్, మేడ్చల్ వైపు వెళ్లి, అక్కడి నుంచి రోజూ మాదాపూర్ వచ్చిపోయేవాళ్ల లెక్క వేరు. ఈ పోలిక వాళ్ల కోసం.

మెట్రో ఎక్కాక సుఖమే, అందులో అనుమానం లేదు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 29 కిలోమీటర్లు సిగ్నళ్ల గొడవ లేకుండా దాదాపు గంటలోపే తీసుకెళ్తుంది. ఆ రూట్లో ఏ బస్సూ దానికి సాటిరాదు. కానీ రైలుకు మూడే బోగీలు. ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేటలో లైను మారేవాళ్లను అడగండి, మొదటి రైలు వదిలేసి రెండోది ఎక్కడం ఎంత మామూలో చెప్తారు. 2025 మేలో పెరిగాక టికెట్ గరిష్ఠంగా 69 రూపాయలైంది. దానికి ఇంటి దగ్గర ఒక ఆటో, ఆఫీసు దగ్గర ఇంకో ఆటో కలపండి. బైకే చవక అనిపిస్తుంది.

ఇక మెట్రో రెండో దశ. 2024లో ప్రభుత్వం కేంద్రానికి పంపిన ప్రతిపాదన ప్రకారం 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లు, అంటే కిలోమీటరుకు దాదాపు 318 కోట్లు. ఎలక్ట్రిక్ బస్సు ఒక్కోటి రెండు కోట్లే అనుకున్నా, ఆ ఒక్క కిలోమీటరు డబ్బుతో నూట యాభైకి పైగా బస్సులొస్తాయి. డ్రైవర్లు, డిపోలు, ఛార్జింగ్ ఖర్చు అదనం, నిజమే. అయినా ఆ తేడా పూడేది కాదు.

ఎంఎంటీఎస్‌ను, అంటే రైల్వే నడిపే లోకల్ రైళ్లను, చూస్తేనే కడుపు మండుతుంది. 2003లో మొదలైంది, కనీస టికెట్ ఇప్పటికీ 5 రూపాయలే. రెండో దశలో మేడ్చల్, ఘట్‌కేసర్ దాకా సర్వీసులు వెళ్లాయి. పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి, రైళ్లే చాలినన్ని లేవు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ బళ్లతో దారి పంచుకోవాలి కాబట్టి లోకల్‌ను పక్కన ఆపేస్తారు. పైగా హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో దిగితే హైటెక్ సిటీ వచ్చినట్టు కాదు. సైబర్ టవర్స్‌కు మళ్లీ షేర్ ఆటో ఎక్కాలి. పేరు ఒకటే అయినా మెట్రో స్టేషన్ ఎక్కడో ఉంటుంది. రైళ్లు పెంచడం రైల్వే చేతిలో పని కాబట్టి రాష్ట్రం ఒక్కటే తలచుకున్నా కాదు.

బస్సు సంగతి ఇంట్లో ఎవరిని అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు జీరో టికెట్, అంటే ప్రయాణం ఉచితం. ఒకే ఆఫీసుకు వెళ్లే భార్యాభర్తల్లో ఆయన మెట్రోలో, ఆవిడ మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్లడం ఇప్పుడు వింతేం కాదు. రద్దీ పెరిగింది, బస్సులు ఆ మేరకు పెరగలేదు. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత సిటీలో తగ్గించిన బస్సుల లోటు అలాగే ఉండగా ఈ రద్దీ వచ్చి పడింది. అరగంట చూశాక రెండు 218 నంబరు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ముందుది ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి, వెనకది సగం ఖాళీగా. స్టాపులో ఆటోలు నిలబెడితే డ్రైవర్ నడిరోడ్డు మీదే ఆపుతాడు, జనం పరిగెత్తాలి.

నా ఓటు ముందు బస్సుకే. పొద్దున ప్రయాణంలో మనిషిని విసిగించేది ఎక్కువగా ఎదురుచూపే. దాన్ని నెలల్లో తగ్గించగలిగేది బస్సు ఒక్కటే. అయితే బస్సులకు ప్రత్యేక లేన్ అని గీత గీసి వదిలేస్తే ఫలితం ఉండదు. బస్సులకు విడిగా దారి ఉండాలని కట్టిన విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డుకు పేరైతే మిగిలింది, బస్సుల రోడ్డు మాత్రం కాలేదు. లేన్‌లోకి వచ్చిన కారుకు చలాన్ పడాలి.

ఎంఎంటీఎస్‌ది రెండో స్థానం. ఉదయం, సాయంత్రం రెండేసి గంటలు లోకల్స్‌కే దారి వదిలితే మేడ్చల్ వాళ్ల కష్టం చాలావరకు తీరుతుంది.

మెట్రోలో వరస మార్చాలంటాను. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట 7.5 కిలోమీటర్లు ముందు కట్టాలి. ఫలక్‌నుమా దాకా అని మొదటి దశలోనే చెప్పి ఎంజీబీఎస్ దగ్గర ఆపేశారు, పాతబస్తీ ఇంకా ఎదురుచూస్తోంది. నాగోల్ నుంచి ఎయిర్‌పోర్టు లైను 36.8 కిలోమీటర్లు, రెండో దశ మొత్తంలో దాదాపు సగం. ఆ దారిలో ఎల్‌బీ నగర్ లాంటివి తగులుతాయి, కాదనను. కానీ విమానం ఎక్కేవాళ్లకు పుష్పక్ బస్సులు ఎలాగూ ఉన్నాయి.

ఘట్‌కేసర్ వాళ్లకైతే ఉప్పల్ మెట్రో దాకా పది నిమిషాలకో బస్సు వేసి, బస్సుకూ మెట్రోకూ ఒకే టికెట్ చేసేస్తే చాలు. దానికంటే ముందు ఏళ్ల తరబడి సాగుతున్న ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని తెమలాలి. లేకపోతే ఆ పది నిమిషాల బస్సులన్నీ దాని కిందే బారులు తీరుతాయి.