గచ్చిబౌలి స్టేడియంలో ఫుట్‌బాల్: ప్రేక్షకుడి కోణంలో

హైదరాబాద్ గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టింది. గ్యాలరీకి, గడ్డికి మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంది. 1.22 మీటర్ల లేన్లు ఎనిమిదంటే దాదాపు 10 మీటర్లు. గోల్ వెనకైతే దూరం ఇంకా ఎక్కువ. అక్కడి టికెట్ చవకైనా వద్దు. సెంటర్ లైన్‌కి ఎదురుగా, కాస్త పై వరసల్లో కూర్చుంటే ఆట మొత్తం అర్థమవుతుంది.

సుమారు 30,000 సీట్లలో 3,000 మందిని చెల్లాచెదురుగా కూర్చోబెడితే ఎంత అరిచినా గాలికి పోతుంది. నిర్వాహకులు చేయాల్సింది ఒకే స్టాండ్ తెరిచి నింపడం. డప్పులు మధ్యలో ఉండాలి, అంచున కాదు.

2025లో ఢిల్లీకి తరలిపోయిన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది, కానీ ఆ సీజన్ గోవాలో జరిగింది. ఊరు ఆ గెలుపుని టీవీలోనే చూసింది. అభిమానం అలవాటుగా మారకపోవడానికి అదీ ఒక కారణమే.

రాయదుర్గం మెట్రో నుంచి దాదాపు 5 కిలోమీటర్లు. రాత్రి 7:30 మ్యాచ్ ముగిసేసరికి 9:30. ఆ వేళ ఆటో బేరం టికెట్‌ని మించిపోతుంది. స్టేషన్‌కి రెండు షటిల్ బస్సులు పెడితే పోస్టర్లకంటే ఎక్కువ జనాన్ని తెస్తాయి.

రేటింగ్: ఆటకి 4, చేరుకోవడానికి 2.