కలాద్జే పేరుతో జెర్సీ: ద్వారకానగర్‌లోని ఒక ముద్రణ దుకాణంపై సమీక్ష

జార్జియా దేశపు ఫుట్‌బాల్ డిఫెండర్ (రక్షణ ఆటగాడు) కాఖా కలాద్జే ఇటలీ క్లబ్ ఏ.సి. మిలన్‌లో ధరించిన 4వ నంబరు జెర్సీ కోసం, విశాఖపట్నం ద్వారకానగర్‌లో క్రికెట్, కబడ్డీ జట్లకు దుస్తులు కుట్టే ఒక చిన్న దుకాణాన్ని ఆశ్రయించాను.

పని ప్రశంసనీయంగా ఉంది. ఎరుపు, నలుపు నిలువు చారలు పక్క కుట్ల వద్ద కూడా చెదరలేదు. అచ్చు వేయడానికి ముందే పేరును కాగితంపై చూపించి అక్షరక్రమం సరిచూసుకోమన్నారు. ఈ ఆటగాడు ఎవరని యజమాని శ్రద్ధగా అడిగారు. 1978లో సామ్‌ట్రెడియాలో పుట్టి, డైనమో టిబిలిసి, డైనమో కీవ్ జట్ల మీదుగా 2001లో మిలన్ చేరి, రక్షణ వరుసలో ఎడమ వైపు (లెఫ్ట్ బ్యాక్), మధ్యలో (సెంటర్ బ్యాక్) ఆడిన ఆయన, 2003, 2007 సంవత్సరాల్లో యూరప్ క్లబ్‌ల పోటీ అయిన చాంపియన్స్ లీగ్ విజేత జట్లలో ఉన్నారని చెప్పాను. 2003 ఫైనల్లో ఆయన పెనాల్టీని ప్రత్యర్థి జట్టు యువెంటస్ గోల్‌కీపర్ బుఫాన్ ఆపినప్పటికీ మిలన్ గెలిచింది. గోల్స్ కొట్టేవారి పేర్లే అందరి వీపుల మీదా కనిపించే చోట, ఇలాంటి రక్షకుడికీ స్థానం ఉండాలని నా గట్టి అభిప్రాయం.

లోపం వస్త్రంలో ఉంది. మందపాటి పాలియెస్టర్ కావడంతో మన సముద్రతీరపు ఉక్కపోతలో చెమట ఆరదు. ధర న్యాయమైనదే. మైదానంలో ఆడేందుకు కొనేవారు మాత్రం గాలి ఆడే జాలీ వస్త్రం కావాలని ముందుగానే స్పష్టంగా చెప్పాలి.