మునాజరా, సదస్సు, విందు, ఇరానీ ఛాయ్: ఏది మేలు?

"అన్నా, మా ఆఫీసులో ఒక ముస్లిం మిత్రుడున్నాడు. మతం గురించి, రాజకీయాల గురించి మాట్లాడుకోవాలని ఇద్దరికీ ఉంది. ఎక్కడ మొదలెట్టినా గొడవ అవుతుందేమోనని భయం." ఈ ప్రశ్న ఇటు నుంచీ వస్తోంది, అటు నుంచీ వస్తోంది. 2025లో రంజాను, మా శ్రమదినాలు (ఈస్టరుకు ముందొచ్చే ఉపవాస దినాలు) ఒకే వారంలో మొదలైనప్పటి నుంచి మరీ ఎక్కువైంది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) క్రైస్తవుణ్ణి నేను. నాలుగు పద్ధతులూ రుచి చూశాను కాబట్టి నా లెక్క చెబుతాను.

ఈసా (మా యేసు), మర్యమ్ (మా మరియ) ఖుర్ఆన్‌లో ఉన్నారనీ, సిలువ దగ్గర, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకం) దగ్గర దారులు వేరవుతాయనీ మీకు తెలిసే ఉంటుంది. అదంతా మళ్ళీ చెప్పను. నా ప్రశ్న ఒక్కటే: మనిషి "ఇందులో మావాళ్ళదే తప్పు" అని అనగలిగే చోటు ఏది?

ముందు మునాజరా, అంటే నలుగురి ముందు జరిగే మతవాదం. స్టేజీ మీద రెండు బల్లలు, రెండు కుప్పల పుస్తకాలు, మధ్యలో టైము చూసే పెద్దమనిషి. 1986లో అమెరికాలోని లూసియానాలో ముస్లిం వక్త అహ్మద్ దీదాత్, క్రైస్తవ టీవీ ప్రసంగీకుడు జిమ్మీ స్వాగర్ట్ "బైబిలు దేవుని వాక్యమా" అని వాదించుకున్నారు. ఆ క్యాసెట్టు మా కాలేజీ రోజుల్లో చేతులు మారి మారి గీతలు పడిపోయింది. ఇప్పుడైతే యూట్యూబు నిండా అవే. దీని మేలు దీనికుంది, కాదనను. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు అతి ప్రాచీన ప్రతుల్లో లేవన్న సంగతి నాకు సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు. అవతలివాళ్ళు గుచ్చి గుచ్చి అడిగితే వెతుక్కుని తెలుసుకున్నాను.

కానీ దీని అసలు రోగం చూడాలంటే ఆగ్రా వెళ్ళాలి. 1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో అక్కడ జర్మన్ మిషనరీ ఫాండర్‌కూ, మౌలానా రహమతుల్లా కైరానవీకీ వాదం జరిగింది. కైరానవీ పక్కన డాక్టర్ వజీర్ ఖాన్ కూర్చున్నాడు. ఇంగ్లీషు వచ్చినవాడు, ఐరోపా పండితులు బైబిలు ప్రతుల్లోని తేడాల మీద రాసినవన్నీ చదివినవాడు. ఆ దెబ్బ ఫాండర్ ఊహించలేదు. ప్రతుల్లో కొన్ని చోట్ల మార్పులు జరిగిన మాట నిజమేననీ, వాటివల్ల అసలు బోధకు లోటు లేదనీ ఒప్పుకున్నాడు. నా దృష్టిలో ఆ రెండు రోజుల్లో జరిగిన మంచి పని అదే. ఒక మనిషి పదిమంది ముందు నిజం ఒప్పుకున్నాడు. సభకు మాత్రం అది ఓటమిగా వినబడింది. మొదటి సగం ఊరంతా పాకింది, రెండో సగం ఎవరికీ పట్టలేదు. వాదం అక్కడితో ఆగింది, గెలిచింది మేమేనని రెండు పక్షాలూ చెప్పుకున్నాయి. మూడేళ్ళకు 1857 వచ్చింది. కైరానవీ ఆస్తులు జప్తయ్యాయి, ఆయన మక్కా వెళ్ళిపోయి అక్కడ మదరసా పెట్టుకున్నాడు. ఆగ్రాలో నడిచింది మతవాదమే అనుకుంటాం గానీ, ఒక బల్ల వెనక కంపెనీ సర్కారు నిలబడి ఉందని అందరికీ తెలుసు.

వెనక మనవాళ్ళు కూర్చుని ఉంటే నోరు మన చేతిలో ఉండదు. మునాజరాకు నా మార్కులు అక్కడే పోయాయి.

వాట్సాప్ గ్రూపు కూడా మునాజరాయే. టైము చూసే పెద్దమనిషి ఉండడు, అంతే తేడా. వదిలేద్దాం.

సదస్సు సంగతి వేరు. హైదరాబాదు ఈ విషయంలో అదృష్టవంతురాలు. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోర్‌లో మొదలై, ఊళ్ళు మారుతూ 1971లో ఇక్కడికి చేరింది. శివరాంపల్లిలో ఉంది. ముస్లింల మధ్య సువార్త పనికి క్రైస్తవులను తయారు చేయడానికి పుట్టిన సంస్థ అది. కాలక్రమంలో ఇస్లాంను తెలుసుకోవడం, శాంతి కుదర్చడం తన పనిగా మార్చుకుంది. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత పాతబస్తీ మనుషుల మధ్య పనిచేసింది కూడా. ఒక సంస్థ తన పుట్టుక కారణాన్నే మార్చుకోవడం చిన్న విషయమేం కాదు. మనుషులకే చేతకాదు.

ప్రపంచంలోని పెద్ద కాగితాలన్నీ సదస్సుల నుంచే వచ్చాయి. 1965లో క్యాథలిక్ పెద్దల రెండో వాటికన్ మహాసభ ముస్లింలను గౌరవంతో చూస్తున్నామని ప్రకటించింది. 2007లో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ పెద్దలకు ఉత్తరం రాశారు: దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి ప్రేమించడం, ఈ రెండూ మనిద్దరి సొత్తని. 2019లో పోప్ ఫ్రాన్సిస్, కైరోలోని అల్ అజ్‌హర్ ఇమాం అబుదాబీలో మానవ సోదరత్వ పత్రం మీద కలిసి సంతకం పెట్టారు. వీటి విలువ తీసిపారేసేది కాదు. మా పాస్టరుగారితో మాట్లాడేటప్పుడు ఆ కాగితాలు నాకు ఢాలుగా పనికొచ్చాయి.

మరి లోటేమిటంటే, మనకు అందే సదస్సుల ఆహ్వానాల్లో చాలావాటి అడుగున ఒక ముక్క ఉంటుంది: రాజకీయ ప్రస్తావనలు వద్దని మనవి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ (ముస్లింలు ధర్మకార్యాలకు రాసిచ్చిన ఆస్తుల) సవరణ చట్టం వచ్చిన రోజుల్లో నేనొక సభకు వెళ్ళాను. విషయం శాంతి. కేరళలోని మునంబంలో తాముంటున్న భూమి వక్ఫ్‌దన్న వాదంతో కొన్ని వందల కుటుంబాలు, ఎక్కువగా క్యాథలిక్ జాలర్లు, అప్పుడు పోరాటంలో ఉన్నాయి. సవరణకు అనుకూలంగా ఓటెయ్యమని అక్కడి బిషప్పుల మండలి ఎంపీలను కోరింది. ఇక్కడ నా పక్క కుర్చీలో కూర్చున్న ముస్లిం మిత్రుడికి ఆ చట్టం గుండెల మీద బండ. హాల్లో ఉన్నవాళ్ళందరి మనసుల్లో అదే ఉంది. రెండు గంటలు మాట్లాడుకున్నాం, ఆ మాట ఎత్తినవాడు లేడు. సమోసా తిని వచ్చేశాం.

ఇక విందు. ఇఫ్తారుకు వాళ్ళింటికి వెళ్తాం, క్రిస్మస్‌కు వాళ్ళు మనింటికి వస్తారు. హలీమ్, డబుల్ కా మీఠా అటు నుంచి. గులాబీ పూలు, కజ్జికాయలు, కేకు ఇటు నుంచి. "చికెన్ హలాలేనా వదినా?" అని వాళ్ళావిడ మా ఆవిణ్ణి మెల్లిగా అడగడం, "మీరు తింటారనే ఆ కొట్టు నుంచి తెప్పించా" అని మా ఆవిడ చెప్పడం, ఆ నాలుగు మాటల్లో ఉన్న మర్యాద ఏ తీర్మానంలోనూ లేదు. అయినా చెబుతున్నాను, పదిహేనేళ్ళు పళ్ళేలు మార్చుకున్నాక కూడా ఒక్క నిజమైన ప్రశ్న అడగని ఇళ్ళు నాకు తెలుసు. అతిథి నొచ్చుకోకూడదు, ఇంటాయన నొప్పించకూడదు. పిల్లలు వింటుంటారు. అలవాటు పడటానికి విందును మించింది లేదు, మాటకు మాత్రం పనికిరాదు. ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వం పెట్టే ఇఫ్తారు, క్రిస్మస్ విందుల గురించి చెప్పేదేముంది? అక్కడ మాట నాయకులది, తిండి మనది.

నేను మొగ్గేది నాలుగోదానికి. పండగ కాని ఒక మామూలు రోజు, ఇద్దరే మనుషులు, ఇరానీ హోటల్.

నా మిత్రుడు గుంటూరు వైపు నూర్‌బాషా, దూదేకుల మనిషి. ఇంట్లో తెలుగే. మెహదీపట్నంలో ఇల్లు. పాతబస్తీకి వెళ్తే "క్యా మియాఁ, ఉర్దూ నై ఆతీ?" అని నవ్వుతారట. నెలకు రెండుసార్లు సికింద్రాబాద్ స్టేషన్ వైపు వస్తాడు. నాకొక ఛాయ్, వాడికొక పౌనా, మధ్యలో ఉస్మానియా బిస్కట్లు. మొదటి ఏడాది మేం చేసింది కూడా చిన్నపాటి మునాజరాయే. "అన్నయ్యా, మీవాళ్ళు ఇజ్రాయెల్ జెండాలు పట్టుకుని తిరుగుతారేంటి?" అంటాడు వాడు. "పాకిస్తాన్‌లో మీవాళ్ళు చేసేదేంటి మరి?" అంటాను నేను. ఒకసారి వాడు కప్పు కింద పెట్టి, "అన్నయ్యా, నాకు పాస్‌పోర్టే లేదు. పాకిస్తాన్ వాళ్ళు నావాళ్ళెట్లా అయ్యారు?" అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. టెల్ అవీవ్ ముఖం నేనూ చూడలేదు.

ఆ రోజు నుంచి "మీవాళ్ళు" అనే మాట బల్ల మీదికి రావడం తగ్గింది. దాని చోటులో "మావాళ్ళు" వచ్చింది. విచిత్రమేమిటంటే, ఎదుటివాడు నిలదీయడం మానేశాక మనంతట మనమే ఒప్పుకుంటాం. 2023 ఆగస్టులో పాకిస్తాన్ పంజాబ్‌లోని జరాన్‌వాలాలో గుంపులు చర్చిలు తగలబెట్టినప్పుడు, నేను అడక్కముందే వాడు, "సిగ్గుగా ఉంది అన్నయ్యా, ఇది దీన్ (ధర్మం) కాదు" అన్నాడు. అదే ఏడు అక్టోబరులో గాజాలోని సెయింట్ పోర్‌ఫిరియస్ చర్చి ఆవరణ మీద బాంబు పడి, అక్కడ తలదాచుకున్న జనం చనిపోయారు. గాజాలో క్రైస్తవులున్నారన్న సంగతే మా సంఘంలో సగంమందికి తెలియదని నేను చెప్పాను. ఇజ్రాయెల్ కోసం ప్రార్థించమన్న చీటీలు మా ప్రార్థన పెట్టెలో ఎన్నో చూశాను. గాజాలోని విశ్వాసుల కోసం ఒక్కటీ చూడలేదు. ఈ మాట స్టేజీ మీద అనగలనా? అన్న సాయంత్రానికే ఎవరో ఆ ముక్క కత్తిరించి వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు.

కులం మాటా ఆ బల్ల మీదే వచ్చింది. సభల్లో అయితే ఇద్దరమూ "మా మతంలో కులం లేదు" అని గంభీరంగా చెప్పి కూర్చుంటాం. బల్ల దగ్గర వాడి సర్టిఫికెట్ మీద బీసీ-బి, మా మేనల్లుడి సర్టిఫికెట్ మీద బీసీ-సి. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకు ఆ గ్రూపులో ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. ముస్లింలలోని మరికొన్ని వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. దళిత క్రైస్తవుడూ దళిత ముస్లిమూ ఇంకా గుమ్మం బయటే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసెయ్యమంది, ముడి అలాగే ఉంది. మాకిద్దరికీ ఒకే గుమ్మం దగ్గర పని పడింది. ఆ సంగతి తెలిశాక త్రిత్వం గురించి వాడడిగే ప్రశ్నలు కూడా ఎత్తిపొడుపులా వినిపించడం మానేశాయి. మొన్న "పరిశుద్ధాత్మ" గురించి అడిగాడు. రూహుల్ ఖుదుస్ అంటే వాళ్ళకు సాధారణంగా జిబ్రీల్ దూత. మాకు సాక్షాత్తూ దేవుడే. ఒకే పేరు పెట్టుకుని ఇన్నాళ్ళూ వేర్వేరు సంగతులు మాట్లాడుకున్నామని ఇద్దరమూ నవ్వుకున్నాం.

కాబట్టి మతం ముందా, రాజకీయం ముందా అని అడిగేవాళ్ళకు నా జవాబు: రాజకీయం ముందు, అదీ మీ ఇద్దరి ఇళ్ళకూ తగిలే రాజకీయం. అక్కడ నిజాయితీ కుదిరితే మతం దానంతటదే వస్తుంది. ఇంట్లో ఈ మాటలకు చోటుండని ఆడవాళ్ళకూ ఇదే పద్ధతి పనికొస్తుందనుకుంటా. వాళ్ళకు ఇరానీ హోటల్ కుదరకపోవచ్చు. మా ఆవిడా వాళ్ళావిడా ట్యాంక్‌బండ్ వాకింగులో ఏం మాట్లాడుకుంటారో మాకు చెప్పరు.

ఛాయ్ బల్లకూ ఒక లోటుంది. అక్కడన్నది అక్కడే ఉండిపోతుంది. పోయిన నెల వాడు బిస్కట్టు ముంచుకుంటూ, "అన్నయ్యా, ఆ గాజా చర్చి సంగతి నాతో అన్నావు కదా, మీ చర్చిలో అన్నావా?" అని అడిగాడు. సంఘ కమిటీ రెండో ఆదివారం కూర్చుంటుంది. గాజా విశ్వాసుల కోసం ఒక ప్రార్థన చీటీ రాసి జేబులో పెట్టుకున్నాను. రెండు ఆదివారాలుగా అది జేబులోనే ఉంది.